ఎర్ర గీతల రిజిస్టరు

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, జూన్ నెలలో, గోదావరిఖని దవాఖానలో నన్ను వార్డు నుంచి పరిశోధన గదికి మార్చారు. హోదా ఆయాయే, పని కొత్తది. డాక్టర్ సుహాసిని గారు అక్కడికి ఫెలోషిప్ మీద వచ్చారు. మెడికల్ కాలేజీలో పాఠాలు చెబుతూ పరిశోధన చేయదలచిన డాక్టర్లకు రెండేళ్లు జీతమిచ్చి ఒకే ప్రశ్న వెంట పంపే ఏర్పాటు అది. ఆమె ప్రశ్న: బొగ్గు దుమ్ము ఊపిరిని ఎన్నేళ్లలో ఎంత తగ్గిస్తుంది?

కార్మికుడు నిండుగా గాలి పీల్చి చిన్న గొట్టంలో మూడుసార్లు ఊదాలి. గొట్టం మీది ముల్లు చేరిన పెద్ద అంకె రిజిస్టరులో ఎక్కాలి. పేరుండదు, నంబరే. ఆ రాత పని నాకిచ్చారు. యాభై దాటాక సాయంత్రం బడిలో అక్షరాలు దిద్దినదాన్ని; నా రాత ఒకరికి పనికిరావడం అదే మొదలు.

“తప్పు పోతే చెరపొద్దు పోశక్కా. కింది అంకె కనబడేటట్టు ఒక్క గీత కొట్టి, కారణం రాసి, సంతకం పెట్టాలె” అన్నారు డాక్టరమ్మ.

నాలుగు నెలల్లో రిజిస్టరు సగం నిండింది. మరో నెలలో ఫెలోషిప్ ఇచ్చినవాళ్ల కమిటీ పని చూడ్డానికి రావాలి. పని నచ్చకపోతే రెండో ఏడు లేదు.

ఒక మధ్యాహ్నం, బొగ్గు గనిలో మా ఆయనతో ఒకే షిఫ్టు చేసిన రాజమల్లు నీరసంగా ఊది, గోడ పట్టుకొని బయటికి పోయాడు. కాసేపటికే మెట్ల మీది నుంచి ఛాయ్ బండికి కేక వేశాడు.

“ఏందన్నా, లోపల ఊపిరందకపాయె, గిక్కడ గోదారి గంగ అవతలికి ఇనబడేటట్టు అరుస్తున్నవ్?” అన్నాను.

“ఉత్తుత్తిగ ఊదిన చెల్లె. గని పనికి అన్‌ఫిట్ అని రాస్తే నా జాగల పోరనికి నౌకరి వస్తది. అందరం గట్లనే ఊదుతున్నం. నువ్వేం జెప్పకు.”

ఈ పరీక్షకూ నౌకరికీ సంబంధమే లేదు. చెబితే మావాళ్లను పట్టించినట్టు. చెప్పకపోతే రిజిస్టరంతా అబద్ధం. ఎవరి పేరూ ఎత్తకుండా డాక్టరమ్మకు చెప్పాను.

ఆమె రిజిస్టరు దగ్గరికి లాక్కున్నారు. “తప్పు వాళ్లది కాదక్కా. ఈ కాగితం ఎటు పోతుందో నేనే సరిగ్గా చెప్పలేదు” అన్నారు. స్కేలూ ఎర్ర పెన్నూ తీసి మొదటి పేజీ నుంచి గీతలు కొట్టారు.

“కమిటీ వాళ్లు ఏమంటరో మేడం?”

“ఏమైనా అననీ. తప్పని తెలిశాక ఎట్లా చూపిస్తాను?”

ప్రతి పేజీ అంచున కారణం రాసి, సంతకం చేసి, పక్కన నన్నూ చేయమన్నారు. నేనూ చేశాను. అంత చదివిన మనిషి తన తప్పు కింద తన పేరు రాయడం నేనెన్నడూ చూడలేదు.

మర్నాటి నుంచి అందరికీ ఖాళీ వరుస చూపించి చెప్పేదాన్ని: “చూడు, గిండ్ల నీ పేరే లేదు. దీంతోని నౌకరి రాదు, పోదు. నిండ ఊదు.”

రాజమల్లు మళ్లీ వచ్చాడు. మెడ నరాలు ఉబ్బేలా ఊదాడు. ముల్లు మునుపటికంటే కొంచెమే ముందుకు జరిగింది. మూడోసారీ అంతే.

“గింతేనా చెల్లె? ఈసారి నిజంగనే ఊదిన గద” అన్నాడు. డాక్టరమ్మ ఆ రోజే అతనికి వైద్యం మొదలుపెట్టారు.

కమిటీ ముందు ఆమె మొదట ఎర్ర గీతల పేజీలే తెరిచారు. వాళ్లు రెండో ఏడు ఇచ్చారు.

అంకె రాసేవాళ్లు అది ఏ భయంలోంచి, ఏ ఆశలోంచి వచ్చిందో కూడా అడగాలని ఆ గదిలో నేర్చుకున్నాను. తప్పని తేలితే, కింది అంకె చదవడానికి వీలుగా ఒక్క గీత చాలు.