గాలి తిరిగేలోపల

మధ్యాహ్నం రెండు దాటితే మా ఊళ్ళో గాలి తిరుగుతుంది. విడవలూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఉన్న పల్లె మాది. అంతవరకు పొయ్యి సెగలా కొట్టిన పడమటి గాలి ఆగిపోయి, తూర్పు నుంచి చల్లగా, కాస్త ఉప్పగా వచ్చి చెంపకు తగులుతుంది. అందరికీ ప్రాణం లేచొస్తుంది. నా కాళ్ళు మాత్రం మిద్దె మీదికి పరుగెత్తుతాయి. నిన్న కూడా అంతే, అన్నం తింటున్నదాన్ని ఎంగిలి చేత్తోనే లేచాను. ఎండబెట్టినవేమీ లేవని సగం మెట్లెక్కాక గుర్తొచ్చింది. ఈ అలవాటు నాకు అంటించింది ఎస్తేరక్క.

మా ప్రహరీకి అవతలి ఇల్లు ఆమెది. భర్త పోయాక ఇంటి వెనక పెరడే ఆమెకు లోకం. వంగ, గోరుచిక్కుడు, కాకర, మిరప పండించేది. తిన్నన్ని తిని, మిగిలినవి కోసి ఉప్పు పట్టించి ఎండబెట్టి వరుగులు చేసేది. ముసురు పట్టి మేమంతా కూరలకు తిప్పలు పడుతుంటే, ఆమె డబ్బాలోంచి గుప్పెడు వరుగులు తీసి దర్జాగా పులుసు పెట్టుకునేది. అన్నిటికంటే ఆమె ఊరమిరపకాయలకు పేరు. కాయలకు గాటు పెట్టి, ఉప్పు వేసిన పుల్లమజ్జిగలో రాత్రి ఊరనిచ్చి, పగలు ఎండబెట్టి, మజ్జిగంతా పీల్చుకునేదాకా అలాగే చేసేది. వీధిలో ఇంటింటికీ పంచేది. బోరు నీళ్ళు ఉప్పెక్కిపోయాయని ఆ మొక్కల కోసం వీధి కుళాయి నుంచి బిందెతో నీళ్ళు మోసేది. మనిషి కూడా ఆ కాయల్లాంటిదే. ఏదన్నా మొహం మీదే అనేది, వెనక ఒక్క ముక్క అనేది కాదు.

నేను ఉదయగిరి వైపు మెట్ట నుంచి కోడలిగా వచ్చిన మొదటి వేసవి అది. ఎస్తేరక్క వాళ్ళ చర్చి ఆడవాళ్ళు ఏటా ఒకరోజు వ్యాన్ మాట్లాడుకుని, చేపల పులుసు గిన్నెలకెత్తుకుని మైపాడు సముద్రానికి పోయేవాళ్ళు. ఏడాదికి ఆమె ఇల్లు కదిలేది ఆ ఒక్కరోజే. సరిగ్గా ఆ రోజే మిరపకాయలకు ఆఖరి ఎండ. ఆ పని నాకు అప్పగించింది.

“గాలి తిరిగేలోపల ఎత్తి జాడీలో పోసేయమ్మాయ్. మర్చిపోబాక” అంది.

నేను మర్చిపోలేదు. అదే నా ఖర్మ. మా మెట్టలో పొద్దు గూకేదాకా ఎండితేనే ఎండినట్టు. రెండింటికే ఎత్తితే పచ్చి ఉండిపోతాయని, నాకు తెలిసినంత ఆమెకు తెలియదన్నట్టు, సాయంత్రందాకా వదిలేశాను. ఎత్తబోతే గలగలమనాల్సిన కాయలు సముద్రపు గాలి తేమకు మెత్తగా వంగాయి. గోడ చాటున ఉన్నవి మాత్రమే పెళపెళలాడుతున్నాయి. కొత్త కోడలిని, మా అత్తకు తెలిస్తే ఊరంతా తెలిసినట్టే. మెత్తవి అడుగున పోసి, పెళపెళలాడేవి పైన పరిచి మూత పెట్టాను. ఆమె వచ్చి మూత తీసి చూసి “బాగా పెట్టినావే” అంటే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

పంచాల్సిన రోజు ఎస్తేరక్క జాడీలో చెయ్యి పెడితే బూజు చేతికి వచ్చింది. గోనె మీద కుమ్మరించింది. పై గుప్పెడు తప్ప అన్నీ పోయాయి. “జాడీలోనే తడి ఉండిందేమో అక్కా” అన్నాను. ఆ జాడీ కడిగి ఆరబెట్టింది ఆమే.

“గాలి నీ చేతిలో లేదు. మెత్తబడినాయని ఆ సాయంత్రమే చెప్పుంటే, తెల్లారి ఎండకు పోసుకునేదాన్ని. నువ్వు దాచినావు చూడు, అప్పుడు చెడినాయివి” అంది. గోనె మూటగట్టి పెరట్లో పారబోసింది.

మూడు రోజులు ఆమె మొహం చూడలేకపోయాను. నాలుగో రోజు పోయి, “తెలిసే అడుగున పోసినా అక్కా” అన్నాను. “తెలుసులే. కూర్చో, ఈ గోరుచిక్కుళ్ళు ఒలుద్దువు” అంది. మరుసటి వేసవి సముద్రానికి పోతూ మిరపకాయల చేటలన్నీ మళ్ళీ నా చేతికే ఇచ్చింది. వేరే ఎవరికైనా ఇస్తుందనుకున్నాను. ఆ మధ్యాహ్నం ఫోన్ చేసి ఒక చేటలో కాయలు మెత్తబడ్డాయని చెప్తే, “నన్ను నీళ్ళలో కాలన్నా పెట్టనియ్యవా” అని నవ్వింది. ఆ నవ్వు విని నేను ఏడ్చాను.

ఎన్నో ఏళ్ళు గడిచాక ఎస్తేరక్కకు కడుపులో నొప్పి మొదలైంది. సూళ్లూరుపేటలో ఉండే కూతురు రూతు వచ్చి నెల్లూరు ఆసుపత్రిలో చూపించింది. క్యాన్సర్ ముదిరిందన్నారు. తల్లికి మాత్రం అల్సర్ అని చెప్పి, వీధిలో అందరి చేతా ఒట్టు వేయించుకుంది. నేనూ వేశాను. నెల రోజులు ఆ ఇంటికి పోయినప్పుడల్లా తల వంచుకుని కాఫీ ఇచ్చి వచ్చేదాన్ని.

ఒకరోజు ఆమె నా చెయ్యి పట్టుకుంది. “వచ్చినోళ్ళందరూ నన్ను చూసి నవ్వతావుండారు. నువ్వొక్కదానివే నవ్వడంలా. నాకేముండాదో చెప్పమ్మాయ్.”

చెప్పాను. ఎన్నాళ్ళన్నారని అడిగితే అదీ చెప్పాను. ఆమె గోడవైపు తిరిగి ఏడ్చింది. అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు, నా నోరు పడిపోతే బాగుండుననుకున్నాను. తర్వాత నాలుగు నెలలు బతికింది. పెరడు రూతు పేరున రాయించింది, పదేళ్ళుగా మాటల్లేని తమ్ముణ్ణి పిలిపించుకుని అన్నం పెట్టింది. ఆటోలో రెండుసార్లు సముద్రానికి పోయొచ్చింది.

“మా అమ్మకు ఉన్న కాస్త ఆశా తీసేసినావు గదక్కా” అంది రూతు, సమాధి దగ్గర, అందరి ముందూ. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఆమె కోపం తప్పని నేననను. ఒట్టు వేసి తప్పినదాన్ని. చీకటి పడ్డాక ఆ ఏడుపు చెవిలో పడి, చెప్పకుండా ఉండాల్సిందా అని ఇప్పటికీ తర్కించుకుంటూనే ఉంటాను. కానీ ఆ రోజుల్లో ఆమెకు కూతురుంది, చుట్టాలున్నారు, పాస్టరుగారున్నారు. ఎవరినీ అడగలేదు. ఒకప్పుడు తన కళ్ళలోకి చూసి అబద్ధం చెప్పినదాన్నే పిలిచి, నిజం అడిగింది.