గోరింక నేర్చుకున్న అలారం

దయ్యాలకూ శకునాలకూ నా ఆలోచనలో ఏనాడూ చోటు లేదు. ఆసుపత్రి పరికరాలను మరమ్మతు చేయడం నా వృత్తి. లోపం ఉంటే దానికి కారణం ఉంటుందనే నమ్మకంతోనే ఇరవై ఏళ్లు పనిచేశాను. ఈ ఒక్క సంఘటనకు మాత్రం కారణం దొరకలేదు.

రాజాంలోని మా ఇంట్లో నేనూ, మా అప్పా ఉండేవాళ్లం. మా వైపు అక్కను అప్ప అంటాం. బావ పోయాక ఆమె నా దగ్గరకు వచ్చేసింది. ఏటా కోతలవగానే వరి కంకులతో కుచ్చు అల్లి వసారా చూరుకు కట్టేది. రాలిన గింజల కోసం ఒక గోరింక వచ్చేది. దాని ఎడమ కాలికి ఒక వేలు లేదు. కనుక రోజూ వచ్చేది అదేనని ఖాయంగా చెప్పగలను. అప్ప దానితో కబుర్లాడేది. నేను నవ్వితే ఊరుకునేది కాదు.

"నువ్వు మిషన్లతో మాటాడవేటి? నాను పిట్టతో మాటాడతాను. నా పిట్టైతే బదులు సెప్తాది."

వానలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం ఆ గోరింక కొత్త శబ్దం చేసింది. మూడు కూతలు, చిన్న విరామం, రెండు కూతలు. రోగి ప్రాణానికి ముప్పు ఏర్పడినప్పుడు మానిటర్ మోగించే అలారం వరస అది. ఐదో కూత మాత్రం జీరగా ఉంది. ఫోన్‌లో రికార్డు చేశాను.

గోరింకలు విన్న శబ్దాలను అనుకరిస్తాయి. ఏదో ఆసుపత్రి కిటికీ దగ్గర నేర్చుకుని ఉంటుందనుకున్నాను. అయితే నేను చూసే ఏ మానిటర్‌కూ ఆ జీర లేదు.

అప్ప ముగ్గు వేసే వేళకే అది కూసేది. పనిలో వినే శబ్దం ఇంట్లోనూ వినడం నాకు దుర్భరమైంది. ఇరవై రోజులు భరించి, అప్ప బజారుకు వెళ్లినప్పుడు కుచ్చు తీసేశాను.

"ఒరే, కుచ్చు తీసీసినావేటి? ఆ నోరులేంది నిన్నేటి సేసిందిరా?"

చీమలు పడుతున్నాయని అబద్ధం చెప్పాను. నాలుగో రోజు నుంచి గోరింక రావడం మానేసింది. అప్ప మాత్రం ప్రతి ఉదయం ఖాళీ చూరు వైపు చూసేది.

రెండు వారాలు తిరగకముందే ఆమె వాకిట్లో కూలిపోయింది. గుండెపోటు. శ్రీకాకుళంలోని ఆసుపత్రి ఐసీయూలో చేర్చాను. ఆమె మంచం పక్కనున్న మానిటర్‌ను అమర్చింది నేనే. గోరింక శబ్దాన్ని రికార్డు చేసిన మరుసటి వారం, పెట్టె సీలు విప్పి దాన్ని కొత్తగా బిగించాను. ఆ రోజు పరీక్షించినప్పుడు అలారంలోని ఐదు శబ్దాలూ స్పష్టంగా ఉన్నాయి.

రెండో రోజు ఉదయం అప్ప మాస్కు పక్కకు జరిపి అడిగింది.

"పిట్ట వచ్చిందేటిరా?"

వచ్చిందన్నాను. కాసేపటికి అలారం మోగింది. మూడు, విరామం, రెండు. ఐదోది జీరగా.

ఆమె మళ్లీ ఇంటికి రాలేదు.

తరువాత ఆ మానిటర్‌ను విప్పి చూశాను. స్పీకరు వెనుక ఒక స్క్రూ వదులైంది. అన్నిటికన్నా కింది స్వరమైన ఐదో శబ్దానికి మాత్రమే అది అదురుతోంది. జీరకు కారణం దొరికింది. ఫోన్‌లోని రికార్డింగును పక్కన పెట్టి పోల్చాను. స్వరాలూ, విరామాలూ, జీరా, అన్నీ సరిపోయాయి. రికార్డింగు తేదీనీ, మానిటర్ బిగించిన తేదీనీ ఎన్నోసార్లు సరిచూశాను. లోపం పుట్టకముందే, అసలు ఆ యంత్రం పెట్టెలోంచి బయటకు రాకముందే, గోరింక దాన్ని కూసింది.

కుచ్చు మళ్లీ కట్టాను. వేలు లేని గోరింక వస్తోంది, తింటోంది. ఆ శబ్దం మాత్రం మళ్లీ చెయ్యలేదు. ఎక్కడ నేర్చుకుందో ఈనాటికీ చెప్పలేను.

పిట్ట అలా కూసిన ఉదయాల్లో ముగ్గు సగంలో ఆపి, స్తంభం పట్టుకుని, ఊపిరి కూడదీసుకుంటున్న అప్ప ఇప్పుడు నాకు కనిపిస్తుంది. అప్పుడు నేను చూసింది పిట్టను. కొత్త నర్సులకు నేను మొదట నేర్పే పాఠం ఒకటుండేది: అలారం మోగితే నొక్కి ఆపకండి, ముందు రోగిని చూడండి. ఆ పాఠం ఇప్పుడు నేను చెప్పడం లేదు. వేరొకరికి అప్పగించాను.