వదిలేయమన్న థీరమ్

గెస్ పేపర్ మా కాలేజీలో ఒక ఆచారం. పరీక్షలు దగ్గర పడగానే పాత ప్రశ్నపత్రాలన్నీ ముందేసుకుని, ఏ ప్రశ్న ఏ ఏడాది వచ్చిందో గళ్లు గీసి, ఈసారి ఏది వస్తుందో, ఏది రాదో తేల్చి చెప్పేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరుండేవారు. నందిగామలో డిగ్రీ చదివిన మూడేళ్లూ మా బ్యాచ్‌కి ఆ ఒకరు నేనే. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ చదివేదాన్ని, పైగా క్లాస్ ఫస్టు. నేను రాదంటే ఇక రానట్టే. జూనియర్లు కూడా నా కాగితాన్ని జిరాక్స్ తీయించుకునేవారు. దాంతో నాకు కళ్లు కాస్త నెత్తికెక్కిన మాట నిజం.

ఆ పేరు విని నా దగ్గరికి వచ్చింది అక్క. సొంత అక్క కాదు, బస్సులో పరిచయం. వారానికి రెండు మూడు రోజులు జగ్గయ్యపేట బస్టాండులో నాతోపాటే పొద్దుటి బస్సెక్కేది. ఇంట్లో మిషన్ మీద బ్లౌజులు కుట్టి, నందిగామలో ఒక చీరల కొట్టుకి ఇచ్చి వచ్చేది. నాకంటే ఐదారేళ్లు ముందు మా కాలేజీలోనే, మా గ్రూపులోనే చదివింది. డిగ్రీలో ఒక్క పేపరు మిగిలిపోయింది. రియల్ ఎనాలిసిస్. మూడుసార్లు రాసింది, మూడుసార్లూ పోయింది.

"బీఎడ్ చేసి లెక్కల టీచర్ని అవ్వాలని నాకు. ఈసారి పాసైతేనే చేరగలను. మా ఆడపడుచు ఈ ఒక్క ఏడాది ఇంట్లో ఉంటది. పాపని చూసుకుంటానంది. వచ్చే ఏడు ఉద్యోగానికని హైదరాబాద్ వెళ్లిపోద్ది" అంది మొదటిరోజే, బ్లౌజుల సంచి ఒళ్లో పెట్టుకుని.

"నేనున్నా కదక్కా, ఎందుకు పాసవ్వవు?" అన్నాను. ఎంత ధీమానో.

పరీక్షలకి ఇంకా నాలుగు నెలలున్నాయి. బస్సే మా క్లాసురూము. చిల్లకల్లు దాటేలోపు ఒక చిన్న థీరమ్, నందిగామ వచ్చేలోపు ఒక లెక్క. అక్క తెలివైనది. కానీ ప్రతి వాక్యం దగ్గరా ఆగి "ఎందుకూ?" అనేది. నాకు ఒళ్లు మండేది. పుస్తకంలో అలా ఉంది కాబట్టి అలా అని నా ఉద్దేశం. నేను చదివిన పద్ధతి అదే. థీరమ్‌ని పద్యంలా వల్లె వేయడం, పరీక్షలో కామాతో సహా దించేయడం. మార్కులు వచ్చాయి కాబట్టి వచ్చినట్టే అనుకున్నాను.

అలా వెళుతూ వెళుతూ ఒక థీరమ్ దగ్గర బండి ఆగింది. రెండు చివరి బిందువులూ అందులోనే ఉండి, మధ్యలో ఎక్కడా తెగని గీత ఉందనుకోండి. దాని మీద ఒక్కో బిందువు దగ్గర ఒక్కో డెల్టా, అంటే ఒక్కో చిన్న కొలత, పనిచేస్తుంది. కానీ గీత మొత్తానికి సరిపోయే కొలత ఒకటే దొరుకుతుందంటుంది ఆ థీరమ్. రుజువు ఒకటిన్నర పేజీ.

"చోటుకో కొలత కావాలన్నారుగా. మళ్లీ ఒకటే అన్నిటికీ ఎలా సరిపోద్దే?" అంది అక్క.

నాకు తెలియదు. ఆ ఒకటిన్నర పేజీ నాకు కంఠతా వచ్చు, అందులో ఏముందో మాత్రం తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. క్లాస్ ఫస్టుకి ఆ మాట ఎలా వస్తుంది?

మర్నాడు నా గళ్ల కాగితం పట్టుకెళ్లాను. "ఇది చూడక్కా. ఒక ఏడు వస్తది, మరుసటి ఏడు రాదు. ఎప్పుడూ ఇంతే. పోయినేడు వచ్చేసింది, ఈసారి రాదు. వదిలెయ్."

"నిజంగా రాదంటావా?"

"లెక్క చెబుతోందక్కా" అన్నాను.

సరిగ్గా ఆ నెలలోనే మా స్టాటిస్టిక్స్ మేడమ్ క్లాసులో రూపాయి బిళ్ల ఎగరేస్తూ, వరసగా ఐదుసార్లు బొమ్మ పడినా ఆరోసారి బొరుసు పడాలని రూలేమీ లేదని, బిళ్లకి జ్ఞాపకం ఉండదని చెప్పారు. ఇంటర్నల్స్‌లో ఆ ప్రశ్నకి నాకు పూర్తి మార్కులు. అదే చేత్తో ఇంటికి వెళ్లి గెస్ పేపర్ రాశాను. పేపరు ఇచ్చేది బిళ్ల కాదు మనిషి కదా, మనిషికి జ్ఞాపకం ఉంటుంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పరీక్షలో ఆ థీరమ్ వచ్చింది. పది మార్కులకి. దాని బదులు రాయమని ఇచ్చిన రెండో ప్రశ్న ఇంకా మొండిది. అక్క ఆ జాగా ఖాళీగా వదిలి, మిగతావి రాసి వచ్చేసింది. ఆరు మార్కుల తేడాతో పేపరు పోయింది.

ఫలితాలు వచ్చాక వారం రోజులు నేను ఆ బస్సెక్కలేదు. వెనక వచ్చే బస్సులో నిలబడి వెళ్లాను. ఎనిమిదో రోజు నేనెక్కేసరికి అక్క ఆ బస్సులోనే కూర్చుని ఉంది. నన్ను చూసి పక్కకి జరిగి సీటిచ్చింది.

"మొహం చాటేస్తే ఎట్టా? నువ్వేం చేస్తావే, పేపరు నువ్వివ్వలేదుగా" అంది.

ఆ మంచితనం భరించలేకపోయాను. తిట్టినా బాగుండేది. "లెక్క చూసి వదిలెయ్యమనలేదక్కా. నాకది అర్థం కాలేదు. నువ్వు అడుగుతుంటే చెప్పలేక ఆ కాగితం తెచ్చా" అనేశాను. అన్నాక ఏడుపొచ్చింది.

అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తర్వాత ఇటు తిరిగి, "ఆ ముక్క అప్పుడే చెప్పుంటే ఇద్దరం కలిసి దాంతో కుస్తీ పట్టేవాళ్లం కదే" అంది. ఆ గొంతులో కోపం ఉంది, దానికి నేను తగినదాన్నే. సంచిలోంచి పుస్తకం తీసింది. ఫెయిలైన పుస్తకాన్ని ఇంకా మోస్తూనే ఉంది.

ఆ రోజు నుంచి ఇద్దరం విద్యార్థులమే. నాలుగో రోజు అక్కే కిటుకు పట్టుకుంది. "ఇదిగో చూడు. చంక దగ్గర గుండ్రంగా తిరిగేచోట కుట్టు చిన్నదిగా పడాలి. నిలువు కుట్టుకి పెద్దదైనా పర్లేదు. మిషన్ మీద కుట్టు సైజు అన్నిటికంటే చిన్నదానికి తిప్పి పెట్టామనుకో, ఇక మార్చక్కర్లేదు, జాకెట్ మొత్తం అదే నడిచిపోద్ది. ఇదీ అంతే కదా?"

అంతే. అన్నిటికంటే చిన్నది అనేది ఒకటి ఖచ్చితంగా ఎందుకు దొరుకుతుందో తేల్చుకోవడానికి మాకు ఇంకో రెండు రోజులు పట్టింది. రెండు చివరి బిందువులూ గీతలోనే ఉండాలని ఎందుకన్నారో అప్పుడు బోధపడింది. ఆ ఒకటిన్నర పేజీని నేను మొదటిసారి చదివింది ఆ బస్సులోనే. మొత్తం మీద పట్టింది ఒక వారం. నాలుగు నెలలు ఉండగా మేం వారం పెట్టలేకపోయాం, నా పరువు కోసం.

మరుసటి ఏడు నేను పీజీకి యూనివర్సిటీ హాస్టల్లో ఉండగా అక్క ఫోన్ చేసింది. వెనక మిషన్ చప్పుడు లేదు, పాప ఏదో పాడుతోంది.

"పాసయ్యానే! ఆ థీరమే మళ్లీ వచ్చింది. వరసగా మూడోసారి! మొత్తం రాసేసా, బొమ్మ కూడా గీశా."

ఇద్దరం నవ్వాం. వరండాలో నిలబడి గట్టిగా అరిచాను కూడా. ఆ ఊపులోనే, "మరి బీఎడ్‌కి ఎప్పుడు అప్లై చేస్తున్నావక్కా?" అన్నాను.

అక్క పాపని ఒకసారి ముద్దుగా కసురుకుంది. తర్వాత మామూలు గొంతుతోనే, "మా ఆడపడుచు వెళ్లిపోయిందిగా. దీన్ని ఎవరి దగ్గర వదలనే?" అంది.