అరుణత్త కార్డు, అలీమాబీ డబ్బా

మా అరుణత్త మనుషులకు కార్డులు ఇస్తుంది, వాళ్లు చూడగానే వాపసు తీసుకుంటుంది. పుట్టినరోజైనా, పెళ్లిరోజైనా, పదో తరగతి పాసైనా ఇదే పద్ధతి. తన చేత్తో కత్తిరించి, మడిచి, అతికించిన కార్డు మన చేతిలో పెడుతుంది. మనం తెరుస్తాం. లోపల్నుంచి ఓ కాగితం నెమలి లేచి పురి విప్పుతుంది. మన నోట్లోంచి "అబ్బ" అన్న మాట పూర్తిగా బయటికి రాకముందే ఆమె కుడిచెయ్యి మన ముందుకు చాచి ఉంటుంది.

"చూసినవ్ గదా. ఇగ ఇటియ్యి. మీ ఇంట్ల ఖరాబ్ జేస్తరు."

ఈ మాట తాండూరులో ఆమె ఉండే గల్లీ మొత్తానికి కంఠతా వచ్చు. అక్కడి పిల్లలు ఒకరికొకరు చాక్లెట్ చూపించి, లాక్కుని, ఇదే మాట అంటారు. నేను వికారాబాద్‌లో పుట్టి పెరిగాను కాబట్టి సెలవులకు వెళ్లినప్పుడే విన్నాను గానీ, నాక్కూడా నోటికొచ్చేసింది.

కార్డులకు కాగితం ఎక్కడిదంటారా? మా సుధాకర్ మామకు బజారులో పెళ్లికార్డుల దుకాణం ఉంది. అచ్చయ్యాక ముహూర్తం మారినవి, పేరు తప్పు పడినవి, పాత నమూనాలు, అన్నీ అత్త దగ్గరికే చేరతాయి. ముందువైపు ఆమె చేసిన పూలు, వెనకవైపు ఎవరిదో లగ్నపత్రిక. పక్కింటి మత్తయ్య సారు రిటైరైన రోజు అత్త ఇచ్చిన కార్డు వెనకాల "వధూవరులను ఆశీర్వదించగలరు" అని ఉంది. పాపం ఆయన కళ్లజోడు పెట్టుకుని అది రెండోసారి చదివేలోపే కార్డు చేతిలో లేదు.

అదే గల్లీలో ఉండే పరశురాం పెళ్లిలో ఇంకా ఘోరం. స్టేజీ మీదే కొత్తపెళ్లికూతురికి కార్డు ఇచ్చింది. వెనకాల జనం వరుసలో నిలబడి ఉన్నారు, ఫొటోగ్రాఫర్ నవ్వమంటున్నాడు, అత్త కదిలితేగా. ఆల్బం తెప్పించి చూసుకుంటే నాలుగైదు ఫొటోల్లో అందరూ కెమెరా వైపు చూస్తున్నారు, అంచునుంచి ఒక చెయ్యి మాత్రం కార్డు వైపు చూస్తోంది.

సొంత మొగుణ్ణి కూడా వదల్లేదు. మామ పుట్టినరోజున ఆయన ఎంతో మురిసిపోయి కార్డు తెరిచాడు. చెయ్యి వచ్చేసింది.

"నేను నీ ఇంట్లనే ఉంట గదనే" అన్నాడు మామ.

"ఉంటవ్. చాయ్ గ్లాసు దీని మీదనే పెడ్తవ్" అని లాగేసుకుంది.

నిజం చెప్పాలంటే ఆ చేతులకు నేను పెద్ద అభిమానిని. డిగ్రీ అయ్యాక ఈ కాగితం పిచ్చి నాకూ పట్టింది. ప్రతి ఆదివారం రైలెక్కి తాండూరు పోయి ఆమె ముందు కూర్చుంటాను. నేను ఆన్‌లైన్‌లో కొన్న సరంజామా అంతా పరుచుకుంటాను. ఆమె దగ్గర ఉండేది ఓ చిన్న కత్తెర, కాలిపోయిన అగర్‌బత్తి పుల్ల. సన్నటి కాగితం పట్టీని ఆ పుల్లకు చుట్టి వదిలితే మల్లెమొగ్గ. కాస్త నొక్కితే బంతిరేకు. అందుకే ఆమె కార్డు తెరిస్తే దేవుడి గది వాసన వస్తుంది. నా కార్డు తెరిస్తే జిగురు వాసన వస్తుంది.

ఇంతకీ వాపసు తీసుకున్న కార్డులన్నీ మంచం కింద చీరల డబ్బాల్లో పడుకుని ఉండేవి. పడుకోబెడితే పూలు అణిగిపోతాయి. ఓ రోజు తీసి చూస్తే నెమలి మెడ వంకరపోయింది. అత్త అన్నం కూడా సరిగ్గా తినలేదు. కార్డులన్నీ నిలబడి ఉండేలా, ఒకదానికొకటి తగలకుండా, పెద్ద డబ్బా ఒకటి మనమే చేద్దామంది. నేను ఎగిరి గంతేశాను.

దుకాణంలో పాత నమూనా పుస్తకాల దళసరి అట్టలు తెచ్చాం. మైదాపిండి ఉడకబెట్టి జిగురు చేశాం. మూలలకు అత్త పాత నూలు చీర చింపి పట్టీలు వేశాం. లోపల అడ్డంగా చిన్న అట్టలు నిలబెట్టి గదులు చేసి, ఒక్కో గదికి ఒక్కో ఇంటి పేరు రాశాం. అన్నిటికంటే వెడల్పైన గది ముస్కాన్‌ది.

ముస్కాన్ అంటే గోడ పక్కింటి అలీమాబీ మనవరాలు. అలీమాబీ జాకెట్లు కుడుతుంది, ఒక మేకను పెంచుతుంది, మనవరాల్ని కూడా తనే పెంచింది. ముస్కాన్ చిన్నప్పట్నుంచి ఒక్క పుట్టినరోజూ తప్పకుండా అత్త కార్డు అందుకుంది, అప్పగించింది. ఇప్పుడు ఆ పిల్లకు హైదరాబాద్‌లో నర్సింగ్ సీటు వచ్చింది. వచ్చే ఆదివారం ప్రయాణం. ఇల్లు విడిచి ఒక్కరోజు కూడా ఉండని పిల్ల.

డబ్బాకు జిగురు రాస్తుంటే నా పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. "శ్రేయక్కా, నా కార్డులు నాకిస్తదా? హాస్టల్ల పెట్టుకుంట. ఇల్లు యాదికొస్తే చూస్కుంట. నేనడిగితే మంచిగుండదు, నువ్వడుగు."

అడిగాను. అత్త తల కూడా ఎత్తలేదు.

"హాస్టల్ల గోడకు టేపు ఏసి అంటిస్తది. ఖరాబైతయ్."

ముస్కాన్ "సరే అత్తా" అని నవ్వేసి వెళ్లిపోయింది. గుమ్మం దాటేటప్పుడు ఆ నవ్వు లేదు. నేను చూశాను. అత్త కూడా చూసిందనే అనుకుంటాను, ఎందుకంటే ఆ తర్వాత ఆమె చుట్టిన మొగ్గలన్నీ వంకరగా వచ్చాయి.

డబ్బాను ఎండకు ఆరబెట్టాం. ఎక్కడ? వాకిట్లో అరుగు మీద. మైదా జిగురు రాసిన డబ్బాను, పక్కింట్లో మేక ఉందని తెలిసి, వాకిట్లో. ఇద్దరం చాయ్ తాగి వచ్చేసరికి మూత లేదు, ఒక పక్క గోడ లేదు. మేక మూతి నుంచి ఒక అట్టముక్క వేలాడుతోంది, దానిమీద "మత్తయ్య" అన్న పేరు కొంచెం కొంచెంగా లోపలికి పోతోంది.

అత్త మేక ఎదురుగా పోయి నిలబడింది. కుడిచెయ్యి చాపింది.

"ఇటియ్యి."

మేక ఆమెను చూస్తూ "మత్తయ్య"ను పూర్తి చేసింది. ఆ గల్లీలో అత్త చాపిన చేతిలో ఏమీ పెట్టనిది ఆ మేక ఒక్కతే.

అలీమాబీ పరుగెత్తుకొచ్చింది. మేకను తిట్టింది, కట్టేసింది, ఇంట్లోకి పోయి ఓ పెద్ద రేకు డబ్బా పట్టుకొచ్చింది. పాతకాలం బిస్కెట్ల డబ్బా, దారపు ఉండలు దాచుకునేది. వాటిని అప్పటికప్పుడు సంచిలో కుమ్మరించినట్టుంది, ఒక పచ్చదారం ఇంకా అంచుకు వేలాడుతోంది. కొత్తది తయారయ్యేదాకా కార్డులు ఇందులో పెట్టుకోమంది. అత్త వద్దంది. అలీమాబీ వినలేదు.

"తిన్నది నా మేక. నువ్వు తీస్కోకుంటే నాకు ఇయ్యాల అన్నం దిగదు అరుణా."

అత్త తీసుకుంది. కార్డులు అందులో కొలిచినట్టు నిలబడ్డాయి. ఆ వారం నేను వికారాబాద్ పోకుండా అక్కడే ఉండిపోయాను; ఇద్దరం ఇంట్లో ఫ్యాను కింద, తలుపు గడియ పెట్టుకుని రెండో డబ్బా చేశాం. ఈసారి రెండు పొరల అట్ట, పైన బొత్తాంతో మూత, పురుగు పట్టకుండా అడుగున ఎండిన వేపాకు. శనివారం పొద్దున పూర్తయింది. మామ వచ్చి తట్టి చూసి, ఇందులో తనకూ ఒక గది ఉందా అని అడిగాడు. ఉంది, మేక తినకముందు కూడా ఉంది.

ఇక రేకు డబ్బా తిరిగివ్వాలి. అక్కడే వచ్చింది అసలు చిక్కు. ఆ గల్లీలో గిన్నె గానీ డబ్బా గానీ ఖాళీగా వాపసు పోదు. చెంచా తెచ్చుకున్నా దానిలో ఇంత చక్కెర వేసి ఇస్తారు. అత్త డబ్బా తుడిచి, నిండా బెల్లం లడ్డూలు పెట్టి నాతో పంపింది.

అలీమాబీ మూత తీసి చూసి పెట్టేసింది. "నాకు షుగర్ ఉన్నది బిడ్డా. వాపస్ తీస్కపో."

మోసుకొచ్చాను. అత్త లడ్డూలు తీసి మురుకులు నింపింది. మళ్లీ మోసుకుపోయాను.

"పండ్లు లెవ్వు బిడ్డా, ఎట్ల నములుదు?"

నిన్ననే ఆ పళ్లతో దారం పటుక్కున తెంపడం నేను కళ్లారా చూశాను. కుట్టుమిషన్ పక్కన కూలబడి, ఏం కావాలో చెబితే ఒక్కసారే తెస్తానని బతిమాలాను.

"ఈ వారం దాంక దాన్ల ఏముండెనో గదే ఏసి పంపమను" అంది అలీమాబీ.

ముస్కాన్ కార్డులా, అత్త ఇవ్వదు, ఆమె సంగతి నీకు తెలియదా, చూపించి లాక్కునే మనిషి కదా అన్నాను. అలీమాబీ మిషన్ ఆపింది. నవ్వుతూ గోడ అవతలికి ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"ముస్కాన్‌కు మూడేండ్లప్పుడు మీ అత్త ఫస్ట్ కార్డు ఇచ్చింది. వాపస్ తీస్కోలే. మా ఇంట్లనే ఉండె. నాకేమో ఉత్త చేతులతోని ఎట్ల తీస్కునుడు అనిపిచ్చింది. ఇంట్ల ఒక్కటే కోడి, గుడ్లు పెట్టేది. కోసి సాలన్ జేసి పంపిన. మస్తు తిన్నది మీ అత్త. బొక్కలు గూడ ఇడువలే. తెల్లారి ఈ పోరి గోడెక్కి చెప్పింది, 'అరుణత్తా, మా కోడి లేదు, ఇగ నాకు గుడ్డు లేదు' అని."

నేను ఒళ్లోని మురుకుల డబ్బాను కింద పెట్టాను.

"అప్పుడే ఉరికొచ్చింది. 'ఆ కార్డు ఇటియ్యి, మీ ఇంట్ల ఖరాబ్ జేస్తరు' అన్నది. నాకు గుస్సా వచ్చింది. తర్వాత సమజైంది. కార్డు మా ఇంట్ల లేకుంటే నేను మల్ల ఏం పంపే పని లేదు గదా. పిల్లకు కార్డు చూసుడు అయితది, నాకు బరువు ఉండది. మా ఒక్క ఇంటి తాననే తీస్కుంటే నాకు మనసుకు కొడ్తదని గల్లీ మొత్తానికి షురూ జేసింది. కట్టుకున్నోన్ని గూడ ఇడువలే."

ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. చెబితే ఆమె సిగ్గుపడుతుంది అంది, ఎంతో మామూలుగా.

"ఇప్పుడు నా డబ్బా ఆమె వాడింది. ఇచ్చుడు ఆమె వంతు. ఇప్పుడిస్తే నాకు బరువు గాదు."

నాకో అనుమానం వచ్చింది. మేకను నువ్వే వదిలావా అని అడిగాను.

"నేనెందుకు ఇడుస్త బిడ్డా," అని మిషన్ చక్రం తిప్పింది. "దానంతట అదే పోయింది. నేను జర ఆలస్యంగ చూసిన."

మురుకుల డబ్బాతోనే తిరిగొచ్చి అలీమాబీ మాట అత్తకు అప్పగించాను. అత్త రేకు డబ్బా అంచుకున్న పచ్చదారాన్ని వేలికి చుట్టుకుంది.

"కోడి సంగతి చెప్పిందా?"

చెప్పిందన్నాను.

"అంత మంచి సాలన్ మల్ల యాడ తినలే" అని మురుకులు పళ్లెంలో కుమ్మరించి, రేకు డబ్బా లోపలంతా తుడిచి, కొత్త డబ్బా బొత్తాం విప్పింది. ముస్కాన్ గదిలోని కార్డులు ఒక్కొక్కటీ తీసి, పూలు సరిచేసి, రేకు డబ్బాలో నిలబెట్టింది. మధ్యమధ్య వేపాకు పెట్టింది. మూత వేస్తూ కూడా "ఖరాబ్ జేస్తది" అంటూనే ఉంది. ఈసారి అలీమాబీ మూత తీసి చూడనే లేదు. రెండు చేతులా అందుకుని లోపలికి తీసుకుపోయింది.

ఆదివారం పొద్దున స్టేషన్‌కు అందరం వచ్చాం. ముస్కాన్ ఒళ్లో రేకు డబ్బా. నేనూ అదే రైల్లో వికారాబాద్ దాకా. కిటికీ దగ్గరికి అత్త వచ్చి కొంగు చాటునుంచి ఓ కొత్త కార్డు తీసి అందించింది. ముస్కాన్ తెరిచింది. లోపల్నుంచి ఎర్రటి తురాయితో ఓ కాగితం కోడి లేచి నిలబడింది, కాళ్ల దగ్గర తెల్లటి గుడ్డు. ప్లాట్‌ఫారం మీద అలీమాబీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

రైలు కదిలింది. అలవాటు చొప్పున అత్త కుడిచెయ్యి కిటికీ వైపు చాచుకుంది. ముస్కాన్ గబుక్కున కార్డును గుండెకు హత్తుకుంది. ఆ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది, ఒక్క క్షణం ఏం చెయ్యాలో దానికే తెలియలేదు. తర్వాత పైకి లేచి, అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. రైలు మలుపు తిరిగేదాకా ఊగుతూనే ఉంది.

ధారూర్ దాటాక ముస్కాన్ కార్డు వెనక్కి తిప్పింది. మామ దుకాణం అచ్చు, బంగారు అక్షరాలు: "మీ రాకకై ఎదురుచూసే బంధుమిత్రులు." ఇద్దరం కలిసి అత్తకు ఫోన్ చేశాం.

"అది అచ్చుది. నేను జూడనే లే" అంది అత్త.

వెనకనుంచి మామ గొంతు వినిపించింది. "అబద్ధం. ఆ ముక్క కోసం నిన్న నా దుకాణమంత కిందమీద జేసింది."

అవతల గాజులు గలగలమన్నాయి, మామ గొంతు దూరమైంది.

"చూసిండ్రు గదా," అంది అత్త. "ఇగ ఫోన్ పెట్టుండ్రి."