లేని అక్క పెళ్లి

మా చిన్నప్పుడు... అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో... ఒకరోజు హాస్టల్లో పళ్లు తోముకుని పుక్కిలిస్తుంటే నోట్లోకి ఈక వచ్చింది. పైన ట్యాంకులో పావురం చచ్చి ఎన్నాళ్లయిందో... అవే నీళ్లు తాగాం, ఆ నీళ్లతో వండిన అన్నమే తిన్నాం.

వార్డెన్ మేడం గదిలో మాత్రం ఫిల్టర్ నీళ్ల క్యాన్ ఉండేది.

నెల తిరిగేసరికి కామెర్లు అంటుకున్నాయి. మా తొమ్మిదో తరగతిలో సగం మందికి కళ్లు పచ్చబడ్డాయి. ఎట్లాగో నేను తప్పించుకున్నాను. నా పక్క మంచం స్వరూప అయితే లేచి నిలబడలేకపోయేది.

దవాఖానకు తీసుకెళ్తారనుకున్నాం... మేడం తెల్లకాగితాలు పంచింది.

"రోగమని రాస్తే పైనుంచి సార్లొస్తరు. అక్క పెండ్లి ఉన్నదని రాసి వారం సెలవడుగుండ్రి. తగ్గినంక రాండ్రి" అంది.

ఒకే వారంలో ఇరవై మంది అక్కలకు పెళ్లిళ్లు... స్వరూప లేచి కూర్చోలేకపోతే తన కాగితం నేనే రాశాను. చేతిరాత ముత్యాల్లా ఉందని మేడం మెచ్చుకుంటే సంబరపడ్డాను కూడా... ఛీ.

ఇంటికి పోయిన స్వరూప కోలుకోవడానికి నెల పైనే పట్టింది. వాళ్ల బాపు వెంటబెట్టుకుని వచ్చేసరికి రిజిస్టర్లో తన పేరు కొట్టేసి ఉంది.

"కామెర్లతోని పండుకున్నది మేడం" అన్నాడాయన.

"పెండ్లికని వారం సెలవడిగి గిన్ని రోజులకొస్తే సీటుంటదా? జూడు, నీ బిడ్డ రాసిందే" అని మేడం ఆ కాగితం చేతికిచ్చింది.

ఆయనకు చదువు రాదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మాకు పెద్దపిల్లే గిది... దీనికి అక్క యాడిది మేడం?" అన్నాడు.

నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. రాసింది నేనని, రాయించింది మేడమని చెప్పొచ్చు... నా సీటు కూడా పోతుందేమోనని నోరు మెదపలేదు. స్వరూప నావైపు చూసింది. తర్వాత బాపు చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. ఆ ఏడే పత్తి ఏరడానికి కూలికి పోయింది, మళ్లీ బడికి రాలేదు.

మేడం అంటే అసహ్యం... నేనంటే అంతకన్నా ఎక్కువ.

ఇప్పటి పిల్లలు అన్నంలో పురుగొస్తే ఫోన్లో వీడియో తీసి లోకమంతా చూపిస్తున్నారు. మాలో ఒక్కరికి ఆ తెగువ ఉన్నా స్వరూప పదో తరగతి పరీక్ష రాసేది...

మీ బళ్లో కూడా జబ్బును దాచి ఇట్లా రాయించారా? అయితే ఇక్కడ చెప్పండి... కనీసం ఇప్పుడైనా నిజం రాద్దాం.