అమ్మ ఇంకా వినని ముగింపు

ఈ ఆదివారం అమ్మ కడంబత్తూరు నుంచి తిరువళ్లూరుకు, నా దగ్గరికి వస్తోంది. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. పగటికలలు కనే భార్య గురించిన ఆ హాస్యనవల మీద మన పుస్తకాల గుంపులో మీరు రాసిన అభిప్రాయాలన్నీ చదివాను. ముగింపే అన్నిటికంటే నవ్వించిందన్నారు.

మా ఇంట్లో బడికెళ్లిన మొదటి మనిషిని నేనే. చిన్నప్పుడు అమ్మ చెనక్కాయలు ఒలుస్తుంటే, చివరి పుటలు చిరిగిపోయిన ఆ పుస్తకాన్నే కూడబలుక్కుంటూ చదివి వినిపించేదాన్ని. ఆ పొట్టు వాసన, చాటలో గింజలు రాలే చప్పుడు మీ ఇళ్లలోనూ ఉండేవా? నవలలో ఆ భార్య రైలెక్కాలని కలగనే చోట నేను నవ్వితే అమ్మ కసిరేది.

"ఏం పాపా నవ్వేది? ఆయమ్మకి యాడికన్నా పోవాలని ఉండాది, అంతే గదా!"

"కడాకి పోతాదా మా?"

"పోక ఏం జేస్తాది! కిటికీ పక్కన కూర్చోని తిరుత్తణి దాటేసినాది."

మొన్న పూర్తి పుస్తకం దొరికింది. చివర్లో ఆమె కలలు మానేసి, బుద్ధిగా వంటింట్లోకి వెళ్లిపోతుంది. పుస్తకం దొరికిందని మాత్రమే ఫోన్‌లో చెబితే అమ్మ, "ఆయమ్మ యాడిదాకా పోయినాదో వచ్చి వింటా" అంది.

అమ్మకు చదువు రాదు. నేను చదివిందే ఆమెకు పుస్తకం. ఇంతవరకూ ఒక్క మాటా మార్చి చదవలేదు. ఈసారి మార్చనా? శనివారం లోపు చెప్పండి.