శేషుకుమారి నడుముకు తగిన కమాన్లు

సిడ్నీలోని ద పాండ్స్‌లో మా పక్కింటి ద్వారకానాథ్ గారు రైల్వే సిగ్నళ్ల ఇంజనీరు. ఒళ్లు ఆఫీసులో ఉన్నా ఆయన మనసు మంగో సరస్సు దగ్గరే ఉంటుంది. నీళ్లు వేల ఏళ్ల కిందటే ఇంకిపోయిన సరస్సది. చుట్టూ ఎర్రమట్టి, పైన ఆకాశం. అక్కడ భార్య పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవాలని ఆయన పన్నెండేళ్లుగా కలలు కంటున్నారు. అందుకే వెనక తొట్టి ఉన్న యూట్ కొన్నారు, దానికి తగిలించి లాక్కెళ్లే, పడక, వంటగట్టు ఉన్న చిన్న క్యాంపర్ కొన్నారు.

చిక్కల్లా ఆవిడ నడుముతోనే. డిస్కు ఆపరేషనయ్యాక శేషుకుమారి రెండు గంటలు వరసగా నిద్రపోయిన రోజు లేదు. మొదటిసారి బయల్దేరినప్పుడు క్యాంపర్ బరువుకు యూట్ వెనక్కి కుంగి, గుంతగుంతకూ ఎగిరిపడింది. వంద కిలోమీటర్ల దూరంలోని లిత్‌గో చేరకముందే ఆవిడ కళ్లలో నీళ్లు. బండి వెనక్కి తిప్పేశారు. ఇంకోసారి ఇలాగైతే ఇక ఎక్కనని ఆవిడ నెమ్మదిగా చెప్పిందట. అరిచి ఉంటే బాగుండేదని ఆయన నాతో అన్నారు.

అప్పటినుంచి ఆయనకు బండి కింద బరువు మోసే కమాన్ల పిచ్చి పట్టింది. టీకి పిలిస్తే చాలు, ఫోన్లో ఇనప పట్టీల ఫొటోలు పెళ్లి ఫొటోల్లా చూపించేవారు. ఆఫీసులో ఉపేంద్ర అన్నిటికన్నా గట్టివి వేయించమన్నాడు. బ్లాక్‌టౌన్ మెకానిక్ మాత్రం ఒప్పుకోలేదు. మరీ గట్టివైతే బండి ఎత్తెత్తి పడేస్తుంది, మెత్తవైతే మళ్లీ కుంగుతుంది, ప్రయాణానికి ఎలా సర్దుకుంటారో అలాగే తీసుకురండి, కాటా మీద తూచి చెబుతానన్నాడు.

ఇక్కడే మా ద్వారకానాథ్ మహానుభావుడు తెలివి చూపించాడు. క్యాంపర్లో ఇరవై కిలోల బియ్యం, గ్రైండర్, రెండు కుక్కర్లు, ఇడ్లీ పాత్ర, ఆవకాయ, గోంగూర జాడీలు ఉన్నాయి. వారం రోజులకు ఇంత సామానా అని ఆ తెల్ల మెకానిక్ నవ్వుతాడని అన్నీ గరాజ్‌లో దించేసి, రెండు మడత కుర్చీలు, ఒక దుప్పటితో వెళ్లాడు. చల్లకొచ్చి ముంత దాచడమంటే ఇదే. నాకు ముందే తెలిస్తే నాలుగు చీవాట్లు పెట్టేదాన్ని.

తూకం చూసి మెకానిక్, బరువేమీ లేదు, పల్చటి కమాన్లు చాలని రాయబోయాడు. ఆయనతో వచ్చి, వీపు వెనక దిండు పెట్టుకుని కూర్చున్న శేషుకుమారి అప్పుడు నోరు తెరిచింది.

"ఏమండీ, మన గ్రైండరేదీ?"

ఆయన నేల చూపులు చూశారు.

"నవ్వితే ఆయన ఒక్క పూట నవ్వుతాడు. నా నడుం నెల్రోజులు ఏడుస్తుందండీ."

ఇంటికెళ్లి అన్నీ ఎక్కించుకుని మధ్యాహ్నం మళ్లీ వచ్చారు. మెకానిక్ నవ్వలేదు. ఇద్దరినీ కూడా బండిలో కూర్చోబెట్టి తూచాడు. మధ్యరకం కమాన్లు, కొత్త షాక్ అబ్జార్బర్లు బిగించి, బియ్యమూ గ్రైండరూ క్యాంపర్ చక్రాలకు సరిగ్గా పైన పెట్టుకోమన్నాడు.

మే నెలలో బయల్దేరారు. రెండోరోజు మధ్యాహ్నం తారు రోడ్డు అయిపోయి, గీతలుగీతలుగా గట్లు కట్టిన ఎర్రమట్టి దారి మొదలైంది. యూట్ ఎగరలేదు, ఉయ్యాలలా ఊగింది. నొప్పిగా ఉందా అని ఆయన అడిగారు. పక్కకు చూస్తే ఆవిడ తల కిటికీకి ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. ఎండ ఆవిడ చేతిమీద పడి కదులుతోంది. ఆయన రేడియో కట్టేశారు. గంట గడిచింది, రెండు గంటలు దాటింది. దారి, ఆకాశం, ఆవిడ ఊపిరి తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టు అనిపించిందట.

సరస్సు మలుపు బోర్డు కనిపించింది. మలుపు తిరగాలంటే బ్రేకు వేయాలి.

ఆవిడ లేచేసరికి పొద్దు వాలుతోంది. సరస్సింకా ఎంత దూరమని అడిగింది. దాటి నలభై కిలోమీటర్లు వచ్చామన్నారాయన. ఎందుకు ఆపలేదని అడిగింది.

"నువ్వు నిద్రపోతున్నావు కదా" అన్నారట.